వెనీస్ కార్నివాల్‌కు రైల్లో: ఇటలీలో చదువుకునే ఓరుగల్లు విద్యార్థులకు

హనుమకొండ నుంచి మేడారం జాతరకు బయలుదేరే ఏ కుటుంబంలోనైనా పెద్దవాళ్లు ముందుగా ఆలోచించేది గద్దెల దగ్గరకు ఎప్పుడు చేరతామని కాదు, తిరుగు బస్సు ఎక్కడ ఎక్కాలని. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో, బెల్లం మూట ఎవరి చేతిలో ఉండాలో, పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టారో లేదో చూసుకున్న తరువాతే ఇంటికి తాళం వేస్తారు. వెనీస్‌కు దగ్గరున్న పాదోవాలో చదువుకునే రోజుల్లో ముసుగులు, వేషాల పండుగైన వెనీస్ కార్నివాల్‌కు మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఈ తెలివిని ఇంట్లోనే వదిలిపెట్టి వెళ్లాను. అరగంట ప్రయాణమే కదా అన్న ధీమాతో ఏడుగురం బయలుదేరాం. రాత్రి పదకొండు గంటలకు స్టేషన్ మెట్ల మీద నలుగురమే మిగిలాం. మిగిలిన ముగ్గురిలో ఇద్దరి ఫోన్లు ఆరిపోయాయి, మూడో అతను ఎక్కవలసిన రైలు ఎక్కి దిగకూడని చోట దిగిపోయాడు. మరుసటి ఏడాది నలుగురం మాత్రమే వెళ్లాం, తిరుగు రైలు ఏదో ముందే తేల్చుకున్నాం, ఊరంతా నింపాదిగా చూసి నవ్వుకుంటూ తిరిగి వచ్చాం. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి ఇటలీకి చదువుకు వెళ్లి, ఫిబ్రవరి రాగానే కార్నివాల్‌కు పోదామా అని మిత్రులతో అనుకునే వారికోసం ఆ రెండు ప్రయాణాలలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

తేదీ ముందు, టికెట్ తరువాత

కార్నివాల్‌కు క్యాలెండరులో స్థిరమైన తేదీ లేదు. మేడారం జాతర మాఘ పౌర్ణమిని బట్టి వచ్చినట్లే ఇది ఈస్టరును బట్టి వస్తుంది. మార్చి 21నాడు గానీ ఆ తరువాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టరు. దానికి సరిగ్గా 47 రోజుల ముందు వచ్చే మంగళవారంతో కార్నివాల్ ముగుస్తుంది. ఆ రోజును ఇటాలియన్లు మార్తెది గ్రాస్సో, అంటే కొవ్వు మంగళవారం అంటారు. మర్నాటి నుంచి క్రైస్తవుల ఉపవాస దినాలు మొదలవుతాయి. కార్నివాల్ అన్న మాటకే మాంసాన్ని పక్కన పెట్టడమని అర్థం చెబుతారు. కార్తీకం వచ్చేస్తుందని ముందు ఆదివారం మన ఇళ్లలో మటన్ వండించుకునే వారికి ఈ పండుగ స్వభావం విడమరిచి చెప్పనక్కరలేదు. 2027లో ఆ మంగళవారం ఫిబ్రవరి 9న, 2028లో ఫిబ్రవరి 29న వస్తుంది. వెనీస్‌లో వేడుకలు అంతకు రెండు వారాలకు పైగా ముందే మొదలవుతాయి కాబట్టి ఆ పదిహేను రోజుల్లో మీకు వీలైన రోజు ఏదన్నదే అసలు ప్రశ్న.

ఇటలీ విశ్వవిద్యాలయాల్లో శీతాకాలపు పరీక్షలు సాధారణంగా జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే జరుగుతాయి. నలుగురి పరీక్షల తేదీలు నాలుగు రకాలుగా ఉంటాయి. అందరి పట్టికలూ ఒక కాగితం మీద రాసుకుని, ఎవరికీ మర్నాడు పరీక్ష లేని రోజును ఎంచుకోవడం మొదటి పని. చివరి శని, ఆదివారాల్లో వెనీస్ సందుల్లో మనిషి నడవడు, జనమే మనిషిని నడిపిస్తుంది. వేషాలు, ముసుగులు తీరికగా చూడాలనుకునే వారికి చివరి వారానికి ముందు వచ్చే పనిదినం ఏదైనా మేలు. కొవ్వు మంగళవారపు కోలాహలం కావాలనుకుంటే వెళ్లండి, కానీ తెల్లవారకముందే రైలెక్కండి. రాచవేషాలు వేసుకునే వారు పొద్దు పొడిచే వేళకు సాన్ మార్కో చౌకులోనూ, దాని పక్కనున్న నీటి ఒడ్డునా కనిపిస్తారు, పొగమంచు, మెత్తటి వెలుగు ఉన్నప్పుడే ఫొటోలు తీయించుకుంటారు. పదకొండు గంటలకు చేరిన వాడికి కనిపించేది ఫోన్లు పైకెత్తిన చేతులే.

ఎవరితో వెళ్లాలి

నలుగురు సరిపోతారు. ఆరుగురు దాటితే అది జట్టు కాదు, ఊరేగింపు. ఏడుగురం వెళ్లిన రోజున ఒకరికి టీ కావాలంటే ఒకరికి మూత్రశాల కావలసి వచ్చింది, ఒకరు ముసుగుల దుకాణంలో దూరితే ఇంకొకరు వీడియో కాల్‌లో అమ్మకు కాలువ చూపిస్తూ నిలబడిపోయారు. ఎక్కువ మంది ఉంటే బయలుదేరక ముందే రెండు జట్లుగా విడిపోయి, ఉదయం రైల్లోనూ రాత్రి రైల్లోనూ మాత్రమే కలుసుకుంటామని ఒప్పుకోండి.

బయలుదేరే ముందు రోజు రాత్రి మూడు విషయాలు తేల్చుకోవాలి. తప్పిపోతే ఎక్కడ కలవాలన్నది మొదటిది. దానికి సాన్ మార్కో గంటగోపురం పనికిరాదు, ఎందుకంటే ఊరంతా అక్కడే కలుద్దామనుకుంటుంది. స్టేషన్ బయట వెడల్పాటి మెట్లు దిగగానే ఎడమ వైపున రాతి వంతెన ఒకటి కనిపిస్తుంది. దాని పేరు స్కాల్సి వంతెన. రెండోసారి మేము స్టేషన్ వైపున్న ఆ వంతెన మొదటి మెట్టును మా గద్దెగా పెట్టుకున్నాం. ప్రతి గంటకూ కాకుండా మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదింటికి ఫోన్ పనిచేసినా చేయకపోయినా అక్కడ ఉండాలన్నది మా నియమం. రెండో విషయం డబ్బు: ఉమ్మడి ఖర్చు ఒక్కరే పెట్టి, రాత్రి రైల్లో లెక్క తేల్చుకుంటే స్నేహం మిగులుతుంది. మూడోది తిరుగు రైలు. ఏ రైలుకు తిరిగి రావాలో, అది తప్పితే తరువాతది ఎప్పుడో, ఆ రెండూ తప్పితే ఏం చేయాలో ఒక చీటీ మీద రాసి ఒక్కొక్కరి జేబులో పెట్టాలి. ఫోన్‌లో కాదు, చీటీ మీదే. చలికి బ్యాటరీ ఎంత తొందరగా దిగజారుతుందో ఫిబ్రవరిలో గానీ తెలియదు.

కాజీపేట, వరంగల్ అనుకోండి

రైల్లో వెనీస్‌కు వచ్చే వారు తప్పకుండా తెలుసుకోవలసిన సంగతి ఏమిటంటే ఆ ఊరి పేరుతో రెండు ప్రధాన స్టేషన్లు ఉన్నాయి. మనకు కాజీపేట ఎలాగో వారికి వెనేత్సియా మెస్త్రె అలాగు. అది నేల మీద ఉన్న జంక్షన్, ఎన్నో దారుల రైళ్లు అక్కడ కలుస్తాయి. అసలు ద్వీపనగరంలోని స్టేషన్ వెనేత్సియా సాంతా లుచీయా. రెండింటి మధ్య పది నిమిషాల ప్రయాణం. 1846లో ప్రారంభమైన వంతెన మీద రైలు ఉప్పుకయ్యను, అంటే ఊరి చుట్టూ ఉన్న లోతు తక్కువ సముద్రపు నీటిని, దాటుతుంది. కాజీపేటలో వరంగల్ వచ్చిందనుకుని దిగిపోయిన చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు కాబట్టి మా మూడో మిత్రుణ్ని నేను నిందించలేదు. అతను తిరుగు రైల్లో నిద్రపోయి, అద్దంలోంచి మెస్త్రె పేరు చూసి, ఇంకా వెనీస్‌లోనే ఉన్నామేమోనని కంగారుపడి దిగాడు. వెళ్లేటప్పుడు కిటికీకి రెండు పక్కలా నీళ్లు కనిపించేదాకా లేవకండి. కొన్ని దూరప్రాంతపు రైళ్లు మెస్త్రెలో ఆగి ద్వీపంలోకి వెళ్లకుండా మరో దారి పడతాయి. అందువల్ల టికెట్ కొనేటప్పుడే చివరి స్టేషన్ పేరు చదవండి.

బస విషయంలోనూ ఈ పోలికే అక్కరకు వస్తుంది. కార్నివాల్ రోజుల్లో ద్వీపంలో గది అద్దె విద్యార్థి భరించేది కాదు. మెస్త్రెలో కొంత తక్కువ ఉంటుంది, కానీ అక్కడా ముందుగా పట్టుకోకపోతే దొరకదు. నా మాట అడిగితే పాదోవా గానీ, త్రెవీజో గానీ మంచిది. రెండూ వెనీస్‌కు అరగంట దూరంలోనే ఉన్నాయి, రెండింటా విద్యార్థులు ఉంటారు, తెలిసినవారి గదిలో నేల మీద పరుపు దొరికినా రాత్రి గడిచిపోతుంది. ఒక్కటే జాగ్రత్త: హోటల్లో దిగితే అందరూ అసలు పాస్‌పోర్టు చూపాలి.

మిలానో నుంచి వచ్చేవారికి వేగపు రైల్లో రెండున్నర గంటలు, బొలోన్యా నుంచి గంటన్నర, రోమా నుంచి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. జర్మనీలో మ్యూనిక్ దగ్గర చదివే మిత్రులను కలుపుకుంటే వారు బ్రెన్నర్ కనుమ మీదుగా నేరుగా వచ్చే రైలు ఎక్కవచ్చు. ఆల్ప్స్ మంచు కొండల మధ్య నుంచి వచ్చే ఆ ఆరేడు గంటల ప్రయాణం ఒక్కదానికే డబ్బు చెల్లుతుంది. సరిహద్దులో పోలీసులు రైలెక్కి పత్రాలు చూస్తారు కాబట్టి పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు రెండూ జేబులో ఉండాలి. ఇటలీలో కొత్తగా చేరి, నివాస కార్డు ఇంకా రాక పోస్టాఫీసు రసీదుతో గడుపుతున్నవారు దేశంలోపల నిశ్చింతగా తిరగవచ్చు. రసీదును నమ్ముకుని సరిహద్దు మాత్రం దాటకూడదు.

టికెట్, ముద్ర, బోర్డు

ఇటలీ రైళ్లను మన మాటల్లో చెప్పాలంటే రెండు రకాలు. ఫ్రెచ్చారోస్సా, ఇతాలో వంటి వేగపు రైళ్లలో సీటు ముందే రిజర్వు అయి ఉంటుంది, ముందుగా కొన్నవాడికి చవక, చివరి రోజున కొన్నవాడికి రెండు మూడింతలు. అతి చవక టికెట్‌కు డబ్బు వాపసు ఉండదు, మార్పూ ఉండదు. పరీక్ష వాయిదా పడే అవకాశం ఉన్న వాడు దాని జోలికి పోకూడదు. రెండో రకం రెజోనాలె, అంటే మన ప్యాసింజరు బండి వంటిది. దాని ధర నెల ముందు కొన్నా నిమిషం ముందు కొన్నా ఒక్కటే, సీటు నంబరు ఉండదు, దొరికితే కూర్చోవాలి, లేకపోతే నిలబడాలి. పాదోవా నుంచి వెనీస్‌కు కాఫీ, తినుబండారాల ఖర్చు కంటే టికెట్ ఖర్చు తక్కువ. ఇంత దగ్గరి ప్రయాణానికి వేగపు రైలు కొనడం నా దృష్టిలో దండగ.

అయితే చవక టికెట్‌తో ఒక మెలిక ఉంది. కాగితపు టికెట్ కొంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గర గోడకో స్తంభానికో బిగించి ఉండే చిన్న యంత్రంలో దాని అంచును దూర్చాలి. కిర్రుమని శబ్దం వచ్చి, టికెట్ అంచు మీద తేదీ, సమయం, స్టేషన్ పేరు చిన్న చిన్న నల్లటి అక్షరాల్లో పడతాయి. శబ్దం వచ్చిందని తృప్తిపడి జేబులో వేసుకోకండి. అక్షరాలు పడ్డాయో లేదో వెలుగుకు పట్టి చూడండి, సిరా అయిపోయిన యంత్రం కూడా అంతే గట్టిగా శబ్దం చేస్తుంది. అక్షరాలు పడకపోతే పక్క యంత్రం దగ్గరికి వెళ్లండి. ముద్ర పడిన నాటి నుంచి ఆ టికెట్ నాలుగు గంటలు చెల్లుతుంది కాబట్టి తిరుగు టికెట్‌కు ఉదయమే ముద్ర వేయించే పొరపాటు చేయవద్దు. ఫోన్‌లో కొన్న రెజోనాలె టికెట్‌కు ముద్ర అవసరం లేదు, దానికి బదులు ఎక్కే ముందు ఆ టికెట్‌లోనే చెక్-ఇన్ నొక్కాలి. ముద్ర లేని టికెట్ టికెట్ కాదన్నది అక్కడి నియమం; తనిఖీకి వచ్చిన ఉద్యోగికి మన అమాయకత్వం పట్టదు, జరిమానా రసీదు రాస్తాడు. నలుగురి టికెట్లూ ఒకే ఫోన్‌లో ఉంటే, ఆ ఫోన్ ఉన్నవాడు తప్పిపోయిన క్షణాన మిగిలిన ముగ్గురూ టికెట్ లేని ప్రయాణికులవుతారు. ఎవరి టికెట్ వారి ఫోన్‌లో ఉండాలి.

స్టేషన్‌లో పెద్ద బోర్డు మీద పార్తెంజె అంటే బయలుదేరేవి, అర్రీవి అంటే వచ్చేవి. గోడకు అంటించిన కాగితపు పట్టికల్లో పసుపు రంగువి బయలుదేరే రైళ్లవి, తెల్లవి వచ్చేవి. బినారియో అంటే ప్లాట్‌ఫారం, రితార్దో అంటే ఆలస్యం. ఊరి పేర్లన్నీ ఇటాలియన్‌లోనే ఉంటాయి. వెనీస్ అని వెతికితే దొరకదు, వెనేత్సియా అని వెతకాలి, టూరిన్‌కు తోరీనో, ఫ్లారెన్స్‌కు ఫిరెంజె. బోర్డులో రైలు బయలుదేరే ఊరు కాక చివరి ఊరు రాస్తారు కాబట్టి పాదోవాకు తిరిగి వచ్చేటప్పుడు పాదోవా అన్న పేరు కనిపించకపోవచ్చు. వెరోనా పేరో, బొలోన్యా పేరో ఉంటుంది, రైలు నంబరును బట్టి పోల్చుకోవాలి. తలుపులు బయలుదేరే సమయానికి కొంచెం ముందే మూసుకుంటాయి. కాజీపేటలో కదిలే బండి వెంట పరుగెత్తి హ్యాండిల్ పట్టుకునే నైపుణ్యం ఇక్కడ దేనికీ కొరగాదు.

షోపెరో అన్న మాటను మాత్రం కంఠస్థం చేయండి. సమ్మె అని అర్థం. ఇటలీలో రైల్వే సమ్మెలు ముందే ప్రకటించి చేస్తారు, ప్రయాణానికి రెండు రోజుల ముందు వార్తలు చూస్తే తెలిసిపోతుంది. సమ్మె జరిగినా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు కనీస రెజోనాలె రైళ్లు నడపాలన్న నియమం ఉంది. ఆదివారానికి ఆ వెసులుబాటు లేదు కాబట్టి ఆ రోజు సమ్మె అని వింటే ప్రయాణం మార్చుకోవడమే తెలివి.

చలి, నీరు, చెప్పులు

ఫిబ్రవరిలో వెనీస్ చలి అంకెల్లో పెద్దగా కనిపించదు, రెండు డిగ్రీలో ఎనిమిది డిగ్రీలో ఉంటుంది. కానీ నీటి మీదుగా వచ్చే తడిగాలి రామప్ప చెరువు కట్ట మీద డిసెంబరు తెల్లవారుజామున నిలబడినప్పటి చలికి నాలుగింతలు. లోపల ఒంటికి పట్టే ఉన్ని బనీను, పైన స్వెటరు, ఆ పైన గాలి దూరని కోటు, చెవులు మూసే టోపీ ఉండాలి. ఇంటి నుంచి అమ్మ పంపిన మంకీ క్యాప్‌ను చూసి నవ్వినవాళ్లే మధ్యాహ్నానికి దాన్ని అడిగి పెట్టుకున్నారు.

కార్నివాల్ చివరి రోజులు ఎప్పుడూ అమావాస్యకు అటూ ఇటూగా వస్తాయి. ఈస్టరు పౌర్ణమి లెక్కను వెనక్కి కట్టుకుంటే ఇది తేలికగానే తెలుస్తుంది. అమావాస్య అంటే సముద్రపు పోటు ఎక్కువ. 2020 నుంచి పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్ర ముఖాల దగ్గర మోసె అనే కదిలే గోడలను పైకి లేపుతున్నారు, అందువల్ల పాతకాలపు వరదల భయం తగ్గింది. కానీ ఆ గోడలు లేవనంత చిన్న పోటుకే సాన్ మార్కో చౌకు తడుస్తుంది. నీరు దూరని బూట్లు వేసుకుని, ఒక జత పొడి మేజోళ్లు సంచిలో పెట్టుకుంటే చాలు. వీధిలో అమ్మే రంగుల ప్లాస్టిక్ బూటు తొడుగులు గంటకే చిరుగుతాయి. పెద్ద సూట్‌కేసు తేవద్దు. నాలుగు వందలకు పైగా వంతెనలున్న ఊరిది, అన్నీ మెట్లే.

ముసుగు

వెనీస్‌లో ముసుగు తయారీదారులకు 1436లోనే ప్రత్యేక కట్టుబాట్ల పత్రం ఉండేది. 1797లో వెనీస్ గణరాజ్యం కూలాక ఆ తరువాతి పాలకుల కాలంలో పండుగ అణగారిపోయి, ఇప్పుడు మనం చూసే రూపంలో 1979లో తిరిగి మొదలైంది. వీధి బండ్ల మీద ఐదు యూరోలకు దొరికే మెరుపుల ముసుగులు ప్లాస్టిక్‌వి. అసలైన ముసుగు కాగితపు గుజ్జుతో చేస్తారు, దాన్ని కార్తాపెస్తా అంటారు: మట్టితో ముఖం చేసి, దాని మీద ప్లాస్టర్ అచ్చు తీసి, ఆ అచ్చు లోపల జిగురులో నానిన కాగితాన్ని పొరలు పొరలుగా అద్ది, ఎండాక తెల్లపూత పూసి రంగులు వేస్తారు. లోపలి వైపు తిప్పి చూస్తే కాగితపు పీచు, అతుకుల గీతలు కనిపిస్తాయి, గోటితో తడితే మెత్తటి బోలు శబ్దం వస్తుంది. ప్లాస్టిక్ అయితే టక్కుమంటుంది.

ఇక్కడ మన జిల్లా వారికి ఒక సొంత దారి ఉంది. చేర్యాల నకాశీ కళాకారులు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే ముసుగులు మీకు తెలిసే ఉంటాయి. ఆ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా పాత వరంగల్ జిల్లాదే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ముఖానికి కట్టుకోదగ్గ చేర్యాల ముసుగు ఒకటి తెచ్చుకోండి. మాలో ఒకమ్మాయి ఎర్రటి నేల మీద పెద్ద కళ్లున్న ముసుగు తెచ్చి, అమ్మ నేత చీరను పై కోటు మీద దుప్పటిలా కప్పుకుని నడిస్తే, పదివేల యూరోల పట్టు దుస్తుల్లో ఉన్న ఒక వృద్ధ జంట ఆమెను ఆపి తమ పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించుకుంది. అద్దె దుస్తుల ఖర్చు విన్నాక ఈ ఉపాయం విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

కళ్లద్దాలు పెట్టుకునే వారు ముఖమంతా కప్పే ముసుగు కొనకండి, ఊపిరి ఆవిరికి అద్దాలు మసకబారి వంతెన మెట్లు కనిపించవు. కళ్ల వరకే ఉండే కొలొంబీనా మేలు. బాఊతా అనే తెల్ల ముసుగు ముక్కు కింద ముందుకు పొడుచుకుని ఉంటుంది, దాన్ని తీయకుండానే తినవచ్చు, తాగవచ్చు. పాతకాలంలో గుర్తు తెలియకుండా జూదశాలలకు వెళ్లేవారికి అది అందుకే నచ్చింది. మొరెత్తా అనే నల్ల ముసుగుకు తాడు ఉండదు, లోపలి బొత్తాన్ని పళ్లతో కరచి పట్టుకోవాలి, అంటే పెట్టుకున్నంతసేపూ మాట్లాడటానికి వీలులేదు. మా జట్టులో దాన్ని ఎవరికి కొనిపెట్టాలన్న చర్చ చాలాసేపు సాగింది. రైల్లో టికెట్ తనిఖీ వచ్చినా, పోలీసు అడిగినా ముసుగు వెంటనే తీయాలి. బొమ్మ కత్తులు, తుపాకులు తేనే వద్దు. వేషధారులను ఫొటో తీసేటప్పుడు ఎదురుగా నిలబడి "పొస్సో?" అని అడిగితే చాలు, చాలామంది ఆగి నిలబడతారు.

తిండి

సంక్రాంతికి ఇంటి నుంచి వచ్చిన పార్శిల్లో సకినాలు మిగిలి ఉంటే వాటికి ఇంతకంటే మంచి రోజు రాదు. రైల్లో మన తిండి మనం తినడానికి అడ్డు లేదు, పులిహోర పొట్లం కూడా కట్టుకోవచ్చు. అయితే సాన్ మార్కో చౌకులోనూ వంతెనల మెట్ల మీదా కూర్చుని పొట్లాలు విప్పితే జరిమానా వేస్తారు, రైల్లోనే ముగించండి. బార్‌లో నిలబడి తాగే కాఫీకి ఒక ధర, కూర్చుని తాగే కాఫీకి ఇంకొక ధర, సాన్ మార్కోలో కూర్చుంటే మూడో ధర. నీళ్ల సీసా కొననక్కరలేదు, ఊళ్లో చాలా చోట్ల మంచినీటి ధారలు ఉన్నాయి.

కార్నివాల్ రోజుల్లో మాత్రమే విరివిగా దొరికే రెండు పిండివంటలు తప్పక తినాలి. ఫ్రిత్తెల్లె చూడటానికి మన బూరెలాగా ఉంటాయి, లోపల ఎండుద్రాక్ష ఉంటుంది, కొన్నింట్లో మీగడ నింపుతారు. గలాని పలచగా వత్తి నూనెలో వేయించి పంచదార పొడి చల్లినవి. పూత లేని మడత కాజా అనుకోండి. రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది, గలాని పిండిలో సారా కూడా కలుపుతారు, కాబట్టి నియమం ఉన్నవారు ముందే అడగాలి. గొడ్డు మాంసం తిననివారు మాంజో, విటెల్లో అన్న మాటలు గుర్తుపెట్టుకోండి, మొదటిది ఎద్దు మాంసం, రెండోది దూడ మాంసం. ఏదీ తోచకపోతే మార్గెరీటా పిజ్జా ఉండనే ఉంది. పిల్లలు మీ మీద గుప్పెళ్లతో రంగు కాగితపు ముక్కలు చల్లుతారు, వాటిని కొరియాందొలి అంటారు. ఒకప్పుడు చక్కెర పూసిన ధనియాలు చల్లేవారు, పేరు మాత్రం ధనియాలదే మిగిలింది.

ఊళ్లో నడక

స్టేషన్ నుంచి సాన్ మార్కోకు నడిస్తే నలభై నిమిషాలు. వపోరెత్తో అనే నీటి బస్సుకు 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు; వెళ్లేటప్పుడు నడిచి, అలసిపోయాక ఒక్కసారి ఎక్కితే చాలు. గోడల మీద పసుపు పలకలు దారి చూపుతాయి: రియాల్తో, సాన్ మార్కో పేర్లు వెళ్లేటప్పుడు, ఫెర్రోవియా అన్న మాట తిరిగి వచ్చేటప్పుడు చూసుకోవాలి. ఫెర్రోవియా అంటే రైల్వే. రద్దీ ఎక్కువైన రోజుల్లో సందులను ఒకవైపు నడకకే పరిమితం చేస్తారు, అందువల్ల వచ్చిన దారినే తిరిగి వెళ్లవచ్చనుకోకండి. స్టేషన్‌కు నలభై నిమిషాలు కాదు, గంటన్నర చేతిలో పెట్టుకోండి. జేబుదొంగలు ఉన్నారు, పర్సు కోటు లోపలి జేబులో ఉండాలి. ఆపద వస్తే నంబరు 112. పాస్‌పోర్టు పోతే ఉత్తర ఇటలీలో ఉండేవారికి మిలానోలోని మన కాన్సులేటే దిక్కు.

వెనీస్ కాకపోతే

తోరీనోలో చదివేవారు వెనీస్ దాకా రావడం కంటే ఇవ్రెయాకు వెళ్లడం మంచిది. చివరి ఆది, సోమ, మంగళవారాల్లో అక్కడ నారింజకాయలతో యుద్ధం జరుగుతుంది. బోధన్ దగ్గర హున్సా గ్రామంలో హోళీ నాడు ఆడే పిడిగుద్దులాటను చూసినవారికి ఆ వాతావరణం పరిచయమే: దెబ్బలు నిజమైనవే, కోపాలు మాత్రం ఉండవు. నేల మీద తొమ్మిది జట్లు నిలబడతాయి, గుర్రపు బండ్ల మీద శిరస్త్రాణాలు ధరించినవారు వస్తారు, కాయలు రెండు వైపులా ఎగురుతాయి. చూడటానికి వెళ్లినవాడు ఎర్ర టోపీ పెట్టుకోవాలి, నన్ను కొట్టవద్దని దానికి అర్థం. టోపీ ఉన్నా గురి తప్పిన కాయకు కళ్లుండవు కాబట్టి వలల వెనకే నిలబడండి. తోరీనో నుంచి కివాస్సో మీదుగా గంట ప్రయాణం. పారేయదగ్గ బూట్లు వేసుకోండి, వీధులు నారింజ గుజ్జుతో, గుర్రపు పేడతో అడుసైపోతాయి. ఫిరెంజె, పీసా వైపు ఉన్నవారికి సముద్రతీరంలోని వియారెజ్జొ దగ్గర. 1873లో మొదలైన ఆ కార్నివాల్‌లో ఇళ్లంత ఎత్తు కాగితపు గుజ్జు శకటాలు కదులుతాయి, దానికి టికెట్ కొనాలి.

తిరుగు రైలు

రాత్రి చివరి రైలును నమ్ముకోకండి, దానికి ముందుదాన్నే మీ రైలుగా అనుకోండి. పదకొండు దాటాక రైళ్లు పలచబడతాయి, అదే సమయానికి ఊరంతా స్టేషన్‌కు చేరుతుంది. సాంతా లుచీయాలో రైళ్లు అక్కడి నుంచే బయలుదేరతాయి కాబట్టి బోర్డులో బినారియో నంబరు పడగానే వెళ్లి కూర్చోవచ్చు. ముందు పెట్టెల వైపు నడిస్తే సీట్లు దొరుకుతాయి, అందరూ వెనక తలుపుల దగ్గరే ఎగబడతారు. ఎక్కిన వెంటనే తలలు లెక్కపెట్టండి. ఫోన్‌లో అలారం పెట్టుకుని ఒక్కరు మెలకువగా ఉండాలి, మెస్త్రె దాటాక మాత్రమే మిగిలినవారికి నిద్రపోయే అనుమతి.

కొన్న కార్తాపెస్తా ముసుగును వేసవిలో ఇంటికి తెచ్చేటప్పుడు చెక్-ఇన్ సామానులో వేయకండి. లోపలి బోలులో పాత బనీను కుక్కి, పైన మెత్తటి కాగితం చుట్టి, ఏదైనా గట్టి డబ్బాలో పెట్టి చేతి సంచిలో తెచ్చుకోండి. హనుమకొండకు చేరాక వాన గాలి తగిలే గోడకు తగిలించవద్దు. జిగురుతో అతికిన కాగితం కాబట్టి శ్రావణానికల్లా ముక్కు మెత్తబడి వంగిపోతుంది. మా ఇంట్లో ఒకదానికి అలాగే జరిగింది, రెండోది బట్టల బీరువా లోపలి తలుపుకు వేలాడుతోంది.